బల్ల మీద పెట్టిన జాడీ

కిందటి నెల ఏదో పనిమీద ఈ ద్వీపంలో ఉత్తరాన ఉన్న యీషున్ పేటకి వెళ్ళాను. చిన్నప్పుడు మేమున్న బ్లాకుకి ఎదురుగా ఉన్న కాఫీషాపును మరమ్మతుల కోసం త్వరలో మూసేస్తారని ఎవరో అంటే, ఆ లోగా ఒకసారి కూర్చుని టీ తాగుదామనిపించింది. ఆదివారం కావడంతో బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఇద్దరు కుర్రాళ్ళ బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా కనబడితే అడిగి కూర్చున్నాను. షిప్‌యార్డులో పనిచేస్తున్నారట. వాళ్ళది మా శ్రీకాకుళం వైపేనని రెండో మాటకే తెలిసిపోయింది. అన్నం పళ్ళాలు రాగానే ఒకబ్బాయి సంచిలోంచి ఆవకాయ సీసా తీసి బల్ల మధ్యలో పెట్టి, నీళ్ళు తెచ్చుకోవడానికి లేచాడు.

"బల్ల మీద పెట్టకు బాబూ. సంచిలో పెట్టి వెళ్ళు," అన్నాను.

"ఎవులు తీస్తారాంటీ, మావోడు ఇక్కడే ఉన్నాడు కదా."

"తీయరు. తినేస్తారు."

అతను నవ్వాడు. పెద్దదాని మాట ఎందుకు కాదనాలనుకున్నాడేమో, సీసాను మళ్ళీ సంచిలో పెట్టి వెళ్ళాడు. నా టీ మాత్రం చల్లారిపోయింది.

ఇప్పుడు ఆ బల్లల మీద ఫోనుతో ఆర్డరు చేసే గళ్ళ బొమ్మ ఒకటి అతికించి ఉంది, అంతకుమించి ఏమీ లేదు. కారం కావాలంటే కౌంటరు దగ్గరికి వెళ్ళి అడగాలి, చిన్న ప్లాస్టిక్ పొట్లం చేతిలో పెడతారు. మా రోజుల్లో ప్రతి బల్ల మధ్యలోనూ ఒక సంసారం ఉండేది. నల్లటి సోయా సాస్ సీసా ఆ సంసారానికి పెద్ద. నా వంతు ఉప్పు నేను వేశాను, ఆ తర్వాత మీ ఇష్టం అన్నట్టు ఏ గొడవలోనూ తలదూర్చకుండా నిలబడి ఉండేది. దాని పక్కన తెల్లమిరియాల పొడి డబ్బా. ఇక్కడి గాలిలో తేమకి దాని చిల్లులు ఎప్పుడూ పూడుకుపోయే ఉండేవి. ఎంత దులిపినా రాలదు, విసుగొచ్చి ఒక్కటి చరిస్తే గిన్నెడు సూపూ తెల్లబడిపోయేది, పక్కబల్ల వాళ్ళకి కూడా తుమ్ములు వచ్చేవి. ఎర్ర చిల్లీ సాస్‌ని మా నాన్న ఏనాడూ కారం కింద జమకట్టలేదు, ఎర్రచొక్కా తొడుక్కున్న బెల్లంపాకం అనేవాడు. టమాటా సాస్ ఒంటరిగా కనబడేదే కాదు, వేయించిన నూడుల్స్ పళ్ళెం అంచున కీరా దోసకాయ ముక్కలను వెంటేసుకుని వచ్చేది. మన పరాటాని ఇక్కడ ప్రాటా అంటారు. దానికి కూరతో పాటు పంచదార కూడా ఇచ్చేవాళ్ళు. పెద్దవాళ్ళెవరూ దాన్ని లెక్కచేసేవాళ్ళు కాదు గానీ నేను మాత్రం పూర్తిగా పంచదార పక్షం. సంబల్ అంటే నాన్నకి గౌరవం. ఎండురొయ్యలు వేసి నూరి నూనెలో వేయించిన ఆ ముద్ద వాసన తగిలితే, సోంపేటలో వాళ్ళింటి వెనక వసారాలో నిలబడ్డట్టే ఉంటుందనేవాడు. ఇన్నిటిలోనూ ఆడంబరం లేనిది వెనిగర్‌లో నానేసిన పచ్చిమిరపకాయ ముక్కల సీసా. చక్రాల్లా కోసిన ఆ ముక్కలు పులుపు పీల్చుకుని కాస్త పాలిపోయి ఉండేవి. కొరికితే ముందు పులుపు, ఆ వెనక ఏదో తీపి, ఇంతేనా అనుకునేలోగా చెవుల దాకా కారం.

ఆ మిరపకాయ ముక్కల పుణ్యాన నేను ఈ ఊళ్ళో పెరిగాను. కాదు, మామ్మ ఆవకాయ జాడీ పుణ్యాన అనేది మా అమ్మ. రెండూ నిజమే.

నాన్న సెంబవాంగ్ వైపు ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగ్ ఫోర్‌మన్. అమ్మ నర్సు. ఏ వారం ఏ డ్యూటీ పడుతుందో ఆమెకే తెలిసేది కాదు. పగటిపూట నన్ను చూసుకునే పొరుగింటావిడ ఇల్లు మారి హౌగాంగ్ వెళ్ళిపోవడంతో, నాన్న సోంపేట వెళ్ళి వాళ్ళమ్మను బతిమాలి తీసుకొచ్చాడు. అప్పటికి నేను నాలుగో తరగతి. మామ్మ తేలిగ్గా ఒప్పుకోలేదు, ఒక షరతు పెట్టింది. ఆ వేసవిలో పెట్టిన ఆవకాయలోంచి ఒక జాడీ తనతో తెచ్చుకుంటుంది. అది ఉన్నంతకాలం ఉంటుంది, అయిపోయిన మర్నాడు ప్రయాణం. ఈ మాట కొడుకుతో అని ఊరుకుంటే సరిపోయేది. వీధిలో గుమ్మం గుమ్మానికీ చెప్పి మరీ బయలుదేరింది. పదిమందిలో అన్న మాటను మామ్మ వెనక్కి తీసుకున్న సందర్భం మా వాళ్ళెవరికీ గుర్తులేదు. మద్రాసు నుంచి విమానంలో ఆ జాడీని చీరచెంగు కప్పి ఒళ్ళోనే పెట్టుకుని వచ్చిందట. ఎయిర్‌హోస్టెస్ పైన పెడతానంటే వినలేదట.

షరతులో ఇంకో ముక్క కూడా ఉంది. తను వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకుపోతుంది. సోంపేటలో మా మేనత్త దగ్గర ఉండి నేను అక్కడే చదువుకోవాలి. ఇంట్లో చూసుకునే మనిషి లేకపోతే పిల్లని ఏం చేస్తారని మామ్మ అడిగినప్పుడు అమ్మా నాన్నా ఒప్పుకోక తప్పలేదు. నాకు వెళ్ళాలని లేదు. మేనత్త మంచిదే, ఊరూ మంచిదే, కానీ అమ్మ ఇక్కడ ఉంటుంది కదా. డ్యూటీ నుంచి వచ్చి, మందుల వాసన పోయేలా స్నానం చేసి, తడిజుట్టుతో నా పక్కన పడుకునే అమ్మ నాకు కావాలి. అందుకని రోజూ బడి నుంచి రాగానే నేను చేసే మొదటి పని, కుర్చీ ఎక్కి జాడీలో నూనె ఎంతదాకా ఉందో చూడటం.

చూడటం అంటే అంత తేలిక కాదు, దానికి చట్టాలుండేవి. జాడీ వంటింట్లో పై అరలో, పొయ్యి సెగ తగలని మూల. మూతకి ఉతికిన తెల్లగుడ్డ, దానికి పురికొస. చేతికి తడి ఉంటే ఆ ఛాయలకే వెళ్ళకూడదు. గరిటె పొడిగా ఉంటే చాలదు, గుడ్డతో తుడిచి మామ్మకి చూపించాలి. కావలసినంత చిన్న గిన్నెలోకి తీసుకోవాలి తప్ప జాడీని విస్తరి దగ్గరికి తేకూడదు. ఇక నోట్లో పెట్టుకున్న చెంచా గానీ, తింటున్న చెయ్యి గానీ ఆ పక్కకి వెళితే జాడీ మొత్తం ఎంగిలి, ఇక పారబోయడమే. ఇన్ని కట్టుబాట్ల మధ్య మూత తీస్తే, ఆవపిండి ఘాటూ నువ్వులనూనె వాసనా కలిసి వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వరండాలోకి వెళ్ళేవి. ఎదురింటి చైనీస్ ఆంటీ తలుపు కాస్త తెరిచి చూసి మళ్ళీ వేసుకునేది.

మామ్మ వచ్చిన కొత్తలో నాన్న ఆవకాయ తినే తీరు చూసి నాకు భయంగా ఉండేది. వేడన్నంలో ముక్క నలిపి, నెయ్యి వేసుకుని, కలిపినంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రెండోసారి, మూడోసారి వడ్డించుకునేవాడు. ఈ లెక్కన దీపావళి దాకా కూడా జాడీ ఆగదని నేను అమ్మతో అన్నాను. అమ్మ నాన్నతో ఏమందో తెలియదు. ఆ వారంలోనే ఒక రోజు నాన్న భోజనానికి కూర్చుని, "ఆవకాయ వద్దమ్మా. కడుపులో మంట. డాక్టరు కారం తగ్గించమన్నాడు," అన్నాడు.

"వాడికేటి తెలుసురా, ఆవకాయకి మంటేటి," అంది మామ్మ. కానీ గరిటె వెనక్కి తీసుకుంది.

మర్నాడు లిఫ్టులో నాన్న నాతో మెల్లగా, "నువ్వు కూడా తగ్గించు పద్మా. మామ్మ అడిగితే నోరు పూసిందను," అన్నాడు. కడుపు మంటేమీ లేదని నాకు అప్పుడు అర్థమైంది. ఆవకాయ లేకుండా ముద్ద దిగని మనిషి, వాళ్ళమ్మని ఉంచుకోవడానికి, నన్ను పంపకుండా ఉండటానికి అబద్ధమాడి నోరు కట్టుకున్నాడు. నాన్న మీద నాకు అంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

నోరు కట్టుకున్నాడు గానీ, నాలుక ఊరుకోవాలి కదా. సాయంత్రం నాన్న బస్సు దిగే వేళకి నేను కిందికి వెళ్ళేదాన్ని. ఇద్దరం ఇంటికెళ్ళే ముందు కాఫీషాపులో రాములంకుల్ అంగడి దగ్గర ఆగేవాళ్ళం. రాములంకుల్ తాతగారి కాలంలో వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం వాళ్ళది. ఆయన తెలుగులో సగం అరవం, పావువంతు మలయ్. దోసెలు, ప్రాటాలు వేసేవాడు. మమ్మల్ని చూడగానే, "వాంగ సార్, మకాన్ అయిందా?" అనేవాడు. వాంగ అంటే రండి, మకాన్ అంటే తిండి. అవలేదని చెప్పనవసరం లేకుండానే దోసె పడేది. నాన్న బల్ల మీద సంసారాన్ని దగ్గరికి లాక్కుని ప్రయోగాలు మొదలుపెట్టేవాడు. దోసెలోకి సంబల్ ఒక రోజు, సోయాలో మిరపముక్కలు ఒక రోజు. తెల్లమిరియాల పొడి, ఉప్పు కలిపి నువ్వులనూనె కోసం అడిగితే రాములంకుల్ తల అడ్డంగా ఊపాడు. చివరికి అన్నీ వదిలి వెనిగర్ మిరపకాయల దగ్గర స్థిరపడ్డాడు. ముక్కలు దోసెలో చుట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలి, "ఆవకాయ కాదు గానీ, పరాయిది అని కూడా అనలేం," అన్నాడు. నేను పంచదార అద్దుకుంటూ ఆయన ముఖం చూసేదాన్ని.

మామ్మ ఈ ఊరు వచ్చిన కొత్తలో ఆ కాఫీషాపుకి ఒక్కసారి వచ్చింది. నలుగురు ఒకే చిల్లీ గిన్నెలో నూడుల్స్ తినే పుల్లలు ముంచి తినడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటర్రా ఇది. ఊరందరి ఎంగిలీ ఒక గిన్నెలోనే ఉన్నాదేటి," అంది. లోపల అడుగుపెట్టకుండా వెనక్కి తిరిగింది. బయటి తిండి తనకి పడదని, ఇక ఆ మాట ఎత్తవద్దని చెప్పేసింది.

దీపావళి దాటి, ఇక్కడి వర్షాకాలం వచ్చింది. జాడీలో నూనె మట్టం చాలా నెమ్మదిగా దిగుతోంది. ఎంత నెమ్మదిగా అంటే, అమ్మకే అనుమానం వచ్చింది. "మీరిద్దరూ మానేస్తే ఇంత మిగులుతుందా? అత్తయ్య కూడా ఈ మధ్య ఉత్త పెరుగన్నమే తింటోంది," అంది నాన్నతో. వయసు మీద పడింది, ఆకలి తగ్గి ఉంటుందిలే అన్నాడు నాన్న. పైకి చెప్పలేదు గానీ, ఈ ఘనత అంతా మా ఇద్దరిదేనని మేమిద్దరం లోలోపల మురిసిపోతున్నాం.

అలా ఉండగా ఒక ఆదివారం మా ఫ్లాట్లకి బొద్దింకల మందు కొట్టేవాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. పొద్దున్నే అందరూ ఇళ్ళు ఖాళీ చేసి, మధ్యాహ్నం దాకా బయట ఉండాలి. అమ్మ డ్యూటీకి వెళ్ళిపోయింది. నాన్న పప్పులూ బియ్యం డబ్బాలూ మూటకట్టి మంచం మీద దుప్పటి కింద పెట్టాడు. జాడీ కూడా పెట్టబోతే మామ్మ ఒప్పుకోలేదు. విషం కొట్టే ఇంట్లో ఆవకాయ వదలడం ఏమిటని, గుడ్డ చుట్టి చంకన పెట్టుకుని లిఫ్టెక్కింది. కింద చినుకులు. ఎక్కడికీ వెళ్ళే వీల్లేదు, ఎదురుగా కాఫీషాపు ఒక్కటే దిక్కు. మామ్మ వద్దంటుందేమోనని నాన్న బెదురుగా చూశాడు. ఆమె మాకన్నా ముందే అటు నడిచింది. మాకు ఆశ్చర్యంగా ఉంది.

ఆదివారం పొద్దుట అక్కడ కుర్చీ దొరకడం ఎప్పుడూ కష్టమే. ఒక బల్ల ఖాళీ అవుతుంటే నాన్న చూసి, "అమ్మా, దాని మీద ఏదో ఒకటి పెట్టు, పెడితే బల్ల మనదే," అని దోసెలు చెప్పడానికి వెళ్ళాడు. ఇక్కడ దీన్ని చోప్ చేయడం అంటారు. ఇప్పుడు టిష్యూ పొట్లం పెడుతున్నారు, అప్పట్లో గొడుగో చేతిరుమాలో పెట్టేవాళ్ళు. మామ్మ చేతిలో గొడుగు లేదు, రుమాలు లేదు. జాడీకి చుట్టిన గుడ్డ విప్పి ఒంటిమీద చినుకులు తుడుచుకుని, జాడీని బల్ల మధ్యలో పెట్టి, నన్ను తీసుకుని చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళింది. సోంపేటలో మామ్మ జాడీ ఎక్కడ పెట్టినా అది మామ్మ జాడీయే. ఈ ఊళ్ళో లెక్క వేరు. ఖాళీ బల్ల మీద గొడుగు పెడితే బల్ల మనది, జాడీ పెడితే జాడీ అందరిదీ. ఈ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజుల్లో పాటలు పాడే పిట్టల్ని పంజరాల్లో పెట్టుకుని ముసలాయనలు కొందరు పొద్దున్నే అక్కడికి వచ్చేవాళ్ళు. పంజరాలు పైన కొక్కేలకి తగిలించి, కింద కూర్చుని నూడుల్స్ తింటూ పిట్టలకి మార్కులు వేసుకునేవాళ్ళు. మేం తిరిగి వచ్చేసరికి మా జాడీ వాళ్ళ బల్ల మీద ఉంది. మూత తీసి పక్కన బోర్లించారు. సూప్ గిన్నెలోని పింగాణీ చెంచా ఒకటి జాడీలో నిలబడి ఉంది. ఒకాయన కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ, ఇంకో ముక్క కోసం పుల్లలు చాస్తున్నాడు. ఇంకొకాయన నావైపు చూసి, షాపువాళ్ళ పిల్లననుకున్నాడో ఏమో, "దిస్ వన్ న్యూ ఆ? వెరీ షియోక్ లా," అన్నాడు. షియోక్ అంటే మహా రుచిగా ఉందని. ఆ జాడీ అంతకుముందు ఇంకో రెండు బల్లలు తిరిగి వచ్చిందని తర్వాత తెలిసింది.

మామ్మ ఆ బల్ల దగ్గరికి వెళ్ళి జాడీ లోపలికి చూసింది. నేనూ చూశాను. సగానికి పైగా ఉండాల్సింది అడుగుకి వచ్చేసింది. ఎర్రటి నూనె మీద తెల్లగా ఒక నూడుల్ పోగు తేలుతోంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మామ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. దోసెల పళ్ళాలు పట్టుకుని వచ్చిన నాన్న అక్కడే నిలబడిపోయాడు.

అప్పుడే రాములంకుల్ భుజాన తువ్వాలుతో వచ్చాడు. అతని చేతిలో చిన్న సీసా ఉంది, నిండా వెనిగర్ పచ్చిమిరపకాయలు. దాని మెడకి దారంతో కట్టిన పొడి చెంచా.

"ఎన్నమ్మా, మీ సీసా నేను విడిగా ఎత్తి పెట్టాను కదా. ఎవరూ తొట్టలేదు, నేను ముట్టనియ్యలేదు. మళ్ళీ ఇంటినుంచి జాడీ ఎందుకు మోసారు?"

నాన్న అతనివైపు, ఆ తర్వాత మామ్మవైపు చూశాడు. "ఏ సీసా?" అన్నాడు.

"అమ్మ సీసా సార్. రోజూ పాప బడికి పోయినాక వస్తారే. ఒక దోసె, ఈ మిరపకాయ. కామన్ సీసా వద్దు, తడి చెంచా వద్దు అని చెప్పిరి. అందుకే ఇది తనియా పెట్టినాను." అంతటితో ఆగలేదు మహానుభావుడు. "మీరు సాయంత్రం తింటారే, అదే మిరపకాయ. అమ్మ పొద్దున, కొడుకు సాయంత్రం. ఇంట్లో ఎవరూ తినకుంటే మరి ఆ ఊరగాయ ఎవరికి సార్?"

పైన ఒక పిట్ట కూస్తోంది.

"కడుపులో మంటన్నావు కదరా," అంది మామ్మ.

"బయటి తిండి పడదన్నావు కదమ్మా," అన్నాడు నాన్న.

మామ్మ నాన్న ముఖంలోకి చూడలేకపోయింది. చెంగుతో మూతి తుడుచుకుంది, ఇంకా ఏమీ తినకుండానే. నేను చిన్నదాన్నే అయినా నాకు అర్థమైంది. మామ్మకీ వెళ్ళాలని లేదు. ఉంటానని నోటితో అనలేకపోయింది, అందరితో చెప్పి వచ్చిన మాట అడ్డం. అందుకని మాకు తెలియకుండా తన నోరు తను కట్టుకుంది. అంత ఎంగిలి పట్టింపు ఉన్న మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చి, ఒక్కతే మూల బల్ల దగ్గర కూర్చుని పరాయి మిరపకాయ తింది. మా ఇంట్లో అందరికీ ప్రాణమైన ఆవకాయ, అందువల్లే ఎవరూ ముట్టక మిగిలింది.

కాసేపటికి మామ్మ జాడీని రెండు చేతులతో ఎత్తి మళ్ళీ ఆ ముసలాయనల ముందే పెట్టింది. "ఎంగిలైపోనాది. ఇంటికెలాగా తీసుకెల్లం. తినీమను పాపం, బాగుందంటన్నారు," అంది. వాళ్ళు మొహమాటపడి చేతులు జోడించారు, నాన్న చెప్పాక ఆగలేదు. ఆవకాయ అడుగున మిగిలే మిరపపొడిని కూడా అన్నం తెప్పించుకుని కలుపుకున్నారు. మేం దోసెలు తిన్నాం. మామ్మ తన సీసాలోంచి పొడి చెంచాతో నాన్న పళ్ళెంలో నాలుగు మిరపముక్కలు వేసింది, ఆ తర్వాత తను వేసుకుంది. ఇంటికి నడుస్తున్నప్పుడు ఖాళీ జాడీ నా చేతిలో ఉంది. బరువు లేని ఆ జాడీ అంటే నాకు భయం వేసింది. మర్నాడు ప్రయాణం అంటుందేమో.

మర్నాడు ఏమీ అనలేదు. ఆ మర్నాడూ అనలేదు. నాన్న టికెట్టు మాట ఎత్తలేదు, అమ్మ ఆ వారమంతా ఇంట్లో చప్పుడు కాకుండా నడిచింది. ఒక సాయంత్రం రాములంకుల్ గోనెసంచి మోసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. సంచి నిండా పుల్లటి పచ్చిమామిడికాయలు, పైన తన ఇంటి రోలు. మామ్మే తెమ్మందట. అమ్మ ఏమిటత్తయ్యా ఇది అంటే, మామ్మ కాయలు తుడుస్తూ తలెత్తకుండా చెప్పింది.

"నా కొడుకుని ఉత్తి అన్నం తినమని వదిలీసి ఎలాగ ఎల్తానే. జాడీడు పెట్టీసి ఎల్తాను. ఊరాలి కదా. నువ్వు తడి గరిటె పెట్టీస్తావు, నేను చూసుకోవాలి." ఇంకో కాయ అందుకుని, "ఇది అయిపోనాక నన్ను పంపీయండి," అంది.

అమ్మ సరేనంది. సరేనని వంటింటి తలుపు చాటుకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఆ జాడీ అయిపోకముందే ఇంకో జాడీ పెట్టింది. ఆ తర్వాత ఇంకోటి. ప్రతిసారీ అదే మాట, ఇది అయిపోనాక పంపీయండని. ఉంటానని మామ్మ ఎన్నడూ అనలేదు, ఉండమని మేమూ అడగలేదు. నేను ఇక్కడే బడి ముగించాను, పై చదువులు చదివాను, తంజోంగ్ పగార్‌లో ఉద్యోగంలో చేరాను. ఇంట్లో ఎవరికి ఏం వడ్డించినా చాలంటే వినకుండా ఇంకో గరిటె వేసే మామ్మ, ఆవకాయ దగ్గర మాత్రం నాన్న చాలు అనగానే చెయ్యి వెనక్కి తీసుకునేది. నాన్న ఒక్క ముక్కతో ఆపేసేవాడు. ఎందుకు చాలంటున్నాడో ఆమెకి తెలుసు, ఆమెకి తెలుసని నాన్నకి తెలుసు. ఆ విషయం వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

ఇప్పుడు నేనుండేది హౌగాంగ్‌లో. ఆవకాయ సెరంగూన్ రోడ్డులో కొట్లో దొరుకుతుంది, అయిపోతే ఫోన్‌లో ఆర్డరు పెడితే సాయంత్రానికి గుమ్మంలో ఉంటుంది. మా అమ్మాయి ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, తింటున్న చెంచానే అందులో ముంచుతుంది. తడి అంటే, "కెన్ వన్ లా అమ్మా, ఏం కాదు, ఫ్రిజ్‌లోనే కదా ఉండేది," అంటుంది. నిజమే, పాడవదు. నేను మందలించడం మానేశాను. కాఫీషాపుల్లో మాత్రం వ్యవహారం తిరగబడింది. ఎవరి పొట్లం వాళ్ళదే, ఒకరి పుల్ల ఇంకొకరి గిన్నెలో పడే ప్రసక్తే లేదు. మామ్మ కోరుకున్న లోకం ఇదే, చూస్తే శుభ్రంగా ఉందని మెచ్చుకునేది. నాకూ శుభ్రంగానే ఉంది. కానీ ఈ పొట్లాల లోకంలో పరాయివాళ్ళ ఆవకాయ మూడు బల్లలు తిరగదు, కన్నీళ్ళు కార్చుకుంటూ ఇంకో ముక్క తీసుకునే ముసలాయనలూ ఉండరు. అప్పుడే బాగుండేదని నేను అనను. అప్పుడు ఒక ఊరగాయ అయిపోవడం అంటే ఒక మనిషి వెళ్ళిపోవడం, ఆ భయంతో బతకడం ఏ పిల్లకీ మంచిది కాదు. ఇప్పుడు మా అమ్మాయికి ఆ భయం లేదు, ఆవకాయ అంత రుచిగానూ లేదు.

మామ్మ ఒక వర్షాకాలంలో, పెద్దగా ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, మా ఫ్లాట్‌లోనే పోయింది. సోంపేట మళ్ళీ వెళ్ళనే లేదు. కార్యక్రమాలన్నీ అయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, మేం ముగ్గురమే భోజనానికి కూర్చున్న మొదటి రోజు అమ్మ పై అరలోంచి జాడీ దించింది. మామ్మ ఆఖరున పెట్టిన ఆవకాయ, ఇంకా సగం పైనే ఉంది. అమ్మ గరిటె తుడిచి, అలవాటుగా ఒకసారి మామ్మ కూర్చునే గుమ్మంవైపు చూపించినట్టు పట్టుకుని, నాన్న పళ్ళెంలో ఒక ముక్క వేసింది. రెండోది కూడా తీసింది.

"ఇన్నేళ్ళూ నోరు కట్టుకున్నారు. ఇప్పుడైనా కడుపునిండా తినండి," అంది.

నాన్న పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు," అన్నాడు. "అయిపోతుంది."